క్యాంటీన్ సొమ్ము కలిపిన మాజీ సైనికులు

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నుంచి సుమారు 60 లక్షల మంది సైన్యంలోనూ నౌకాదళంలోనూ పనిచేయగా, వారిలో ఏడు లక్షలకు పైగా తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవారిలోనూ పది లక్షలకు మించినవారు కాలో చెయ్యో పోగొట్టుకుని, విషవాయువుకు ఊపిరితిత్తులు చెడి, లేదా కందకాల్లో పట్టుకున్న జబ్బు వదలక, వైకల్య పింఛను మీద ఆధారపడవలసిన స్థితిలో ఇళ్లకు చేరారు. అంతకుముందు ఆ దేశపు సైన్యం చిన్నది, జీతానికి చేరినవారిది. గాయపడి వచ్చిన సిపాయి బాగోగులను 1682లో రెండవ చార్లెస్ రాజు స్థాపించిన చెల్సియా ఆసుపత్రి వంటి వృద్ధ సైనికుల ఆశ్రమాలకో, దాతల నిధులకో, అవీ అందకపోతే ఊరి బీదల సహాయానికో వదిలేయడం అక్కడ తరాలుగా సాగిన పద్ధతి. 1916లో నిర్బంధ సైనిక సేవ, అంటే వయసు వచ్చిన మగవారందరినీ చట్టబలంతో సైన్యంలోకి తీసుకునే విధానం, అమల్లోకి రావడంతో సిపాయి అన్నవాడు ప్రతి వీధిలోనూ ఉన్నాడు, పాత పద్ధతి ఒక్కసారిగా చాలకుండా పోయింది.

ఆ అవసరంలోంచి పుట్టిన మాజీ సైనికుల సంఘాలు 1921లో బ్రిటిష్ లీజియన్ అనే ఒకే సంస్థగా కలిసిపోయాయి. కందకాల్లో పక్కపక్కన బతికినవారి స్నేహధర్మం శాంతికాలంలోనూ నిలిచిందనీ, ఆ కలయిక దాని ఫలమేననీ చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ మాట అబద్ధం కాకపోయినా, జరిగినదాంట్లో లౌకికం పాలు అంతకన్నా చాలా ఎక్కువ. ఒకరి పేరు వింటే ఒకరికి గిట్టని ఈ సంఘాలను ఒక బల్ల ముందు కూర్చోబెట్టడంలో నిరుద్యోగానికీ, పంపకానికి సిద్ధంగా ఉన్న ఒక పెద్ద నిధికీ దక్కవలసిన వాటా దక్కలేదనే చెప్పాలి.

తొలి సంఘం 1916లో లాంకషైర్‌లోని నేతమిల్లుల పట్టణం బ్లాక్‌బర్న్‌లో మొదలైంది. విడుదలైన నావికుల, సైనికుల జాతీయ సంఘమని పేరు పెట్టుకున్న దానికి కార్మిక సంఘాలతో దగ్గరి చుట్టరికం ఉండేది; మిల్లు గేటు దగ్గర యూనియన్ ఏ పని చేసేదో, పింఛను కార్యాలయం దగ్గర ఈ సంఘం ఆ పనే చేయబూనింది. మరుసటి ఏడాది లండన్‌లో పుట్టిన రెండో సంస్థ, జాతీయ సమాఖ్య, ఇంతకన్నా ఘాటైనది. గాయపడి, లేదా ఆరోగ్యం చాలక సైన్యం నుంచి విడుదలైనవారిని మళ్లీ వైద్య పరీక్షకు పిలిచి, పనికొస్తారనుకుంటే తిరిగి యుద్ధానికి పంపవచ్చునంటూ 1917లో పార్లమెంటు చేసిన చట్టం దీని పుట్టుకకు నిప్పు రాజేసింది. దేశంలో ఒక్కసారైనా యుద్ధానికి వెళ్లని మగవారు మిగిలి ఉండగా, ఒకసారి వెళ్లి దెబ్బతిని వచ్చినవాణ్ణి రెండోసారి పంపడం ఏ న్యాయమన్నది సమాఖ్య వాదన. లిబరల్ పార్టీ సభ్యుడు జేమ్స్ హాగ్ అండతో ఎదిగిన ఈ సమాఖ్య, సాధారణ సిపాయిగా మొదలై పైకి వచ్చినవారిని తప్ప అధికారులను సభ్యులుగా చేర్చుకోలేదు. దానధర్మం కాదు, న్యాయం ముందు కావాలన్నది దాని నినాదం.

ఆ ఏడాది జూన్‌లో లివర్‌పూల్‌లోని అబర్‌క్రాంబీ నియోజకవర్గానికి వచ్చిన ఉప ఎన్నికలో, యుద్ధ మంత్రి లార్డ్ డెర్బీ కుమారుడి మీద విడుదలైన సైనికుల తరఫున ఒక అభ్యర్థి నిలబడ్డాడు. అతడు ఓడిపోయాడు గానీ, మాజీ సిపాయిలు ఓట్ల పెట్టె దాకా రాగలరన్న సంగతి పెద్దల ఇళ్లలో అందరికీ తెలిసివచ్చింది. కొద్ది వారాల్లోనే డెర్బీ ప్రోత్సాహంతో ‘మహాయుద్ధ సహచరులు’ అనే మూడో సంఘం వెలిసింది. దీని నాయకుల్లో దక్షిణాఫ్రికా యుద్ధంలో రెండు కళ్లూ పోగొట్టుకుని విక్టోరియా క్రాస్ పొందిన కెప్టెన్ టౌజ్ వంటి గౌరవనీయులు ఉన్నారు. అయితే రాజకీయం వద్దన్నదే తమ రాజకీయంగా ఈ సంఘం నడిచిందన్న విమర్శ ఆనాటిదే. సైనికుల ఓపిక జారకముందే వారికి క్లబ్బూ, కుర్చీలూ, బీరూ ఏర్పాటు చేస్తే గొడవ ఉండదని దాతలు అనుకుని ఉంటే, ఆ అంచనా పూర్తిగా తప్పు కూడా కాలేదు. పల్లెల్లో అన్నింటికన్నా వేగంగా పాకిన సంఘం ఇదే. వీటికి తోడు 1919లో సమాఖ్యను చీల్చుకుని సోషలిస్టు భావాల జాతీయ యూనియన్ ఒకటి బయటికొచ్చింది. 1920లో సేనాధిపతి ఫీల్డ్ మార్షల్ డగ్లస్ హేగ్ ఆధ్వర్యంలో, ఉద్యోగం దొరక్క పాత కోటుతో తిరుగుతున్న అధికారుల కోసం ఆఫీసర్స్ అసోసియేషన్ వచ్చింది.

ఆ రోజుల్లో ఒకే పట్టణంలో రెండు మూడు సంఘాల హాళ్లు ఉండటమూ, ఒకదాని సభ్యుడు రెండోదాని గుమ్మం తొక్కకపోవడమూ మామూలే. అయితే వారి కోపం ఒకరి మీద ఒకరికి ఉన్నదానికన్నా పురపాలక సంఘాల మీద ఎక్కువగా ఉండేది. లండన్‌కు ఉత్తరాన ఉన్న ల్యూటన్ పట్టణంలో 1919 జూలై 19న శాంతి వేడుకలకు పురపాలక సంఘం మేయరు విందు ఏర్పాటు చేసి, ఊరి మాజీ సైనికులకు అందులో చోటు లేకుండా చేసింది. మరణించిన తోటివారి కోసం వార్డౌన్ పార్కులో ప్రార్థన జరుపుకుంటామని స్థానిక సంఘం అడిగితే ఆ అనుమతీ ఇవ్వలేదు. ఊరేగింపు రోజున మొదలైన నిరసన అల్లరిగా మారి ఆ రాత్రికి టౌన్‌హాలు కాలిపోయింది. మృతుల పేరు మీద దీపాలు వెలిగించడానికి సిద్ధపడిన ఊరు, బతికి వచ్చినవారికి ఒక పూట పార్కు ఇవ్వడానికి వెనుకాడటంలో ఉన్న వైపరీత్యం దేశమంతటి పత్రికల్లోకి ఎక్కింది. అదే ఏడాది మే నెలలో పని దొరకని మాజీ సైనికులు లండన్ హైడ్ పార్కు నుంచి పార్లమెంటు వైపు కదిలినప్పుడు పోలీసులతో ఘర్షణ జరిగింది. రష్యాలో 1917లో సిపాయిలు ఏ వైపు తిరిగారో చూసిన ప్రభుత్వానికి ఇవన్నీ చిన్న విషయాలుగా కనబడలేదు.

ఇంతలో నిధి సంగతి ముందుకు వచ్చింది. యుద్ధకాలంలో సైనికులకు టీ, సిగరెట్లు, బిస్కెట్లు, బీరు అమ్మిన ప్రభుత్వ క్యాంటీన్లు లక్షల పౌండ్ల లాభం ఆర్జించాయి. సిపాయి తన రోజు జీతంలోంచి పెట్టిన ఖర్చే లాభంగా మారింది కాబట్టి అది సిపాయికే చెందాలన్నది ఎవరూ కాదనలేని మాట. దాన్ని పంచడానికి 1919లో జనరల్ బింగ్ అధ్యక్షతన యునైటెడ్ సర్వీసెస్ ఫండ్ అనే సంస్థ ఏర్పడింది. అయితే సొమ్ము ఎవరి చేతికి ఇవ్వాలన్న ప్రశ్న వచ్చేసరికి, అందరి తరఫున మాట్లాడగల సంఘం ఏదీ లేదని తేలింది. నాలుగు సంఘాలూ నాలుగు లెక్కలు చూపితే ప్రభుత్వం నాలుగోదాన్ని సాకుగా పెట్టి మొదటి మూడింటినీ తిప్పి పంపగలదు. ఆ సొమ్ము పంపకానికి ఊళ్లలో కమిటీలు వేసుకున్నప్పుడు నిన్నటిదాకా పలకరింపులు లేనివారు పక్కపక్కన కూర్చోక తప్పలేదు. ఫలానా వీధిలోని వితంతువు అద్దె బాకీ తీర్చాలా, కుంటివాడికి కుట్టుమిషను కొనాలా అని నిర్ణయించేటప్పుడు, ఆమె భర్త ఏ సంఘం చందా కట్టాడన్నది క్రమంగా అప్రస్తుతమైంది. ఈ క్యాంటీన్ సొమ్మును ప్రభుత్వపు ఎరగా భావించి సోషలిస్టు యూనియన్ దూరం పెట్టింది. ఆ నిష్ఠతోనే అది ఒకటి రెండేళ్లలో ఎండిపోయింది.

రెండో బలం నిరుద్యోగం. యుద్ధం ముగియగానే వచ్చిన వ్యాపార ఉత్సాహం 1920 చివరికి చల్లారి, 1921 నాటికి బ్రిటన్‌లో పనిలేనివారి సంఖ్య 20 లక్షలకు చేరింది. వారిలో సుమారు ఆరు లక్షల మంది మాజీ సైనికులే. చందాలు కట్టేవారు తగ్గారు, సంఘాల ఖజానాలు ఖాళీ అయ్యాయి, సాయం అడిగేవారు మాత్రం పెరిగారు. 1918 నుంచి రెండు మూడు సార్లు మొదలై తెగిపోయిన ఐక్యతా చర్చలు ఈసారి నిలవడానికి ఈ ఒత్తిడే ప్రధాన కారణం.

చర్చల్లో ఇద్దరి పాత్ర చెప్పుకోదగ్గది. ఒకడు సమాఖ్య అధ్యక్షుడు టి. ఎఫ్. లిస్టర్, ఫిరంగి దళంలో కింది హోదాలో పనిచేసి ఆరోగ్యం చెడి విడుదలైనవాడు, రెండోవాడు హేగ్. లక్షల మందిని పశ్చిమ రంగంలో మృత్యుముఖంలోకి పంపిన సేనాధిపతిగా హేగ్ మీద చరిత్రకారుల వాదోపవాదాలు నేటికీ తెగలేదు. కానీ యుద్ధానంతరం తన గౌరవ బిరుదును కూడా, సైనికుల పింఛన్ల సంగతి తేలేదాకా వాయిదా వేసుకున్నాడన్నదీ, బతికిన మిగతా ఏళ్లన్నీ ఈ పనికే వెచ్చించాడన్నదీ చెప్పకపోతే అతడికి అన్యాయం చేసినట్టవుతుంది. పశ్చాత్తాపమా, సైనిక హోదాల క్రమం శాంతికాలంలోనూ చెదరకూడదన్న జాగ్రత్తా, రెండూనా అన్నది పాఠకుడి ఇష్టం. అధికారులకు వేరే సంఘం అక్కర్లేదని హేగ్, అధికారులను రానివ్వమన్న పాత పట్టు విడవాలని లిస్టర్ తమతమవారికి నచ్చజెప్పడంతో దారి సుగమమైంది.

1921 మే నెలలో లండన్‌లోని క్వీన్స్ హాల్‌లో జరిగిన మహాసభలో బ్లాక్‌బర్న్ సంఘం, సమాఖ్య, సహచరులు, ఆఫీసర్స్ అసోసియేషన్ బ్రిటిష్ లీజియన్‌గా కలిశాయి. మే 15, ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు నాలుగు సంఘాల ప్రతినిధులు వైట్‌హాల్ వీధిలోని సెనటాఫ్ దగ్గరకు వెళ్లారు. సమాధి మరెక్కడో ఉన్నవారి స్మారకార్థం కట్టే ఖాళీ సమాధిని సెనటాఫ్ అంటారు. దాని పాదపీఠం దగ్గర తమ నాలుగు సంఘాల బిళ్లలను ఉంచి, వాటితోపాటు పాత పేర్లనూ వదులుకున్నారు. అధ్యక్ష గౌరవం హేగ్‌కు దక్కింది; సంస్థను నడిపే ఛైర్మన్‌గా మాత్రం ప్రతినిధులు లిస్టర్‌ను, వైస్ ఛైర్మన్‌గా యుద్ధంలో కాలు పోగొట్టుకున్న కల్నల్ క్రాస్‌ఫీల్డ్‌ను ఎన్నుకున్నారు. సేనాధిపతి గౌరవాసనంలోనూ మాజీ సిపాయి నిర్వహణ పీఠంలోనూ కూర్చున్న ఈ అమరిక, ఆనాటి వర్గవ్యవస్థలో చిన్న విషయం కాదు. స్కాట్లండ్ మాజీ సైనికులు ఆ మరుసటి నెలలో ఎడిన్‌బరోలో తమ లీజియన్‌ను వేరుగా పెట్టుకున్నారు.

పేరు లండన్‌లో పెట్టినా పని జరిగింది శాఖల్లో. ఒక పట్టణంలోనో, కొన్ని పల్లెలు కలిపిన ప్రాంతంలోనో ఉండే శాఖకు ఒక కార్యదర్శి, సాయం దరఖాస్తులు చూసే సేవా కమిటీ ఉండేవి. శాఖలు జిల్లా స్థాయిలోనూ, వాటిపైన ఏటా ప్రతినిధుల సభలోనూ కలిసేవి. శాఖ చేసిన పనుల్లో అన్నింటికన్నా విలువైనది, బహుశా అన్నింటికన్నా తక్కువ ప్రచారం పొందినది, పింఛను వ్యవహారం. 1916 చివర్లో ఏర్పడిన పింఛన్ల మంత్రిత్వ శాఖ వైకల్యాన్ని శాతాల్లో లెక్కగట్టేది: రెండు కాళ్లో రెండు చేతులో పోయినా, రెండు కళ్లూ పోయినా నూటికి నూరు, ఒక కన్ను పోతే సగం, కుడిచేతికి ఎడమచేతికన్నా కొంత ఎక్కువ. 1919లో సాధారణ సిపాయికి పూర్తి వైకల్యానికి వారానికి 40 షిల్లింగులు, అంటే రెండు పౌండ్లు వచ్చేవి. శాతం తగ్గిన కొద్దీ అదీ తగ్గేది. తెగిన అవయవం విషయంలో వాదన ఉండదు. క్షయ, గుండెజబ్బు, విషవాయువు దగ్గు, అప్పట్లో ‘షెల్ షాక్’ అన్న మానసిక ఆఘాతం, వీటి దగ్గరే అసలు చిక్కు. జబ్బు సైనికసేవ వల్లే వచ్చిందా, లోపల ముందే ఉండి సేవలో ముదిరిందా, లేక సేవతో సంబంధమే లేదా అన్న మూడు మాటల మధ్య ఒక కుటుంబం తిండి ఆధారపడి ఉండేది. ఎప్పుడో 1915లో ఏ శిబిరాసుపత్రిలో ఎన్ని రోజులు పడుకున్నాడో చూపే కాగితం సంపాదించడం, పని నుంచి వచ్చాక చదువు అంతంతమాత్రమైన మనిషికి సాధ్యమయ్యేది కాదు. శాఖ కార్యదర్శి అతడి రెజిమెంటుకు ఉత్తరాలు రాసి, పాత డాక్టరు వాంగ్మూలం తెప్పించి, వైద్య మండలి కాదంటే అప్పీలు ట్రైబ్యునల్ ముందు పక్కన నిలబడేవాడు.

విడుదలైన ఏడేళ్లలోగా పింఛను దరఖాస్తు చేయకపోతే హక్కు పోతుందన్న నిబంధన మీద లీజియన్ చేసిన సుదీర్ఘ పోరాటానికీ శాఖలే ఆధారం. విషవాయువు పీల్చినవాడి ఊపిరితిత్తులు కొన్నిసార్లు ఎనిమిదో ఏట, పదో ఏట దెబ్బతింటాయని ఊళ్లలోని కార్యదర్శులు కళ్లారా చూశారు. లక్షల సంతకాలతో మహజరు సమర్పించాక కూడా నిబంధన చట్టంలోంచి తొలగిపోలేదు. కానీ అసాధారణ సందర్భాల్లో ఆలస్యపు దరఖాస్తులను పరిశీలించే వెసులుబాటు దొరికింది.

ఈ పనులకు డబ్బు తెచ్చిపెట్టింది ఒక పువ్వు. బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ రణభూముల్లో తవ్విపోసిన మట్టి మీద విరగబూసిన ఎర్రని అడవి గసగసాల పువ్వును మృతవీరుల గుర్తుగా ధరించే ఆలోచన అమెరికాలో మొయినా మైకేల్ అనే అధ్యాపకురాలిది. ఫ్రాన్స్‌కు చెందిన ఆనా గెరాన్ దాన్ని నిధి సేకరణకు మలిచి, తమ దేశంలో యుద్ధం పాడుచేసిన ప్రాంతాల స్త్రీలు కుట్టిన గుడ్డపువ్వులను 1921లో లండన్‌కు తీసుకొచ్చింది. కొత్త సంస్థ జంకుతూనే ఒప్పుకుంది. ఆ నవంబర్ 11న వీధుల్లో అమ్మిన పువ్వుల వల్ల 1,06,000 పౌండ్లు వచ్చాయి. మరుసటి ఏడాది మేజర్ జార్జి హౌసన్ 2,000 పౌండ్ల సాయంతో లండన్‌లోని ఓల్డ్ కెంట్ రోడ్డులో అయిదుగురు వికలాంగ సైనికులతో పువ్వుల కార్ఖానా ప్రారంభించాడు. అది నిలబడుతుందన్న నమ్మకం అతడికే పెద్దగా ఉండేది కాదు. ఒంటిచేతి మనిషి కూడా అమర్చగలిగేలా రేకలూ, నడిమి బొడ్డూ, కాడా విడివిడి ముక్కలుగా రూపొందించడంలోనే దాని విజయం ఉంది. కార్ఖానా కొన్నేళ్లకే రిచ్‌మండ్‌కు మారి పెద్దదైంది. 1926లో హేగ్ భార్య ఎడిన్‌బరోలో మరొకటి పెట్టింది. వీధిలో పళ్లెం పట్టి అమ్మినవారు ఎక్కువగా శాఖల మహిళా విభాగాలవారు.

శాఖ చేతికి వచ్చిన వాటాతో అద్దె, బొగ్గు, పసిపిల్లల పాలు సమకూరేవి. వడ్రంగికి పనిముట్లు, తోపుడుబండి వ్యాపారికి చిన్న అప్పు దొరికేవి. నగదు ఇస్తే తాగుడుకు పోతుందని చాలాచోట్ల కిరాణా చీటీలే ఇచ్చేవారు. తోటి సైనికుడే తోటి సైనికుణ్ణి అలా అనుమానించడం, సమాఖ్య పాత నినాదం ఎంత దూరం జరిగిందో చెప్పకనే చెబుతుంది. నిజానికి ఐక్యతకు చెల్లించిన మూల్యం అదే. కలవడం కోసం ఏ పార్టీకీ చెందమని రాసుకున్న సంస్థ, ప్రభుత్వం చేయవలసినదాన్ని నిలదీసి అడగడం కన్నా, ప్రభుత్వం చేయనిదాన్ని చందాలతో పూడ్చడం వైపే ఏటికేడు ఒరిగింది. 1938 నాటికి నాలుగు లక్షల దాకా సభ్యులున్నా, అది యుద్ధం నుంచి బతికి వచ్చినవారిలో పదోవంతుకు అటూఇటూ మాత్రమే. చేరనివారి మౌనానికి ఇదొక కారణం కావచ్చు. రాజకీయం వద్దనుకున్న సంస్థ చిత్రమైన చోట్ల రాజకీయంలో కాలుపెట్టింది కూడా: 1938లో చెకోస్లొవేకియాలోని సుడెటన్ ప్రాంతపు ప్రజాభిప్రాయ సేకరణకు కాపలా కాస్తామని సుమారు 1,200 మంది మధ్యవయస్కులైన సభ్యులు లండన్ దగ్గర రెండు ఓడలెక్కి, వెళ్లవలసిన అవసరం తీరిపోవడంతో దేశం దాటకుండానే ఇళ్లకు తిరిగొచ్చారు.

లీజియన్‌లో అన్నీ కలిసిపోలేదన్నదీ గమనించాలి. చూపు పోయినవారికి ఆర్థర్ పియర్సన్ 1915లో స్థాపించిన సెయింట్ డన్‌స్టన్స్, అవయవాలు కోల్పోయినవారు 1932లో జాతీయస్థాయిలో పెట్టుకున్న సంఘం విడిగానే సాగాయి. విడిగా ఉంటూ ఒకరి దగ్గరకు వచ్చినవాణ్ణి మరొకరి దగ్గరకు పంపే అలవాటు మాత్రం ఊరి స్థాయిలో స్థిరపడింది.

ఇక మన దేశం సంగతికి వస్తే, భారత సైన్యం తరఫున ఆ యుద్ధంలో పనిచేసినవారు 13 లక్షలకు పైమాటే. ఇక్కడ సంఘాలు కింది నుంచి పుట్టలేదు. ఇండియన్ సోల్జర్స్ బోర్డు, దాని కింద కలెక్టర్లు అధ్యక్షులుగా ఉన్న జిల్లా బోర్డులు పైనుంచి వచ్చాయి. నేటి కేంద్రీయ సైనిక్ బోర్డుకూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకూ మూలం అదే. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపి మిలటరీ మాధవరంగా పేరుపడిన పశ్చిమ గోదావరి ఊళ్లోనైనా, మాజీ సైనికుడి కాగితం కదలాలంటే చూడవలసింది జిల్లా కార్యాలయం వైపే. మాజీ సైన్యాధిపతి కరియప్ప చొరవతో 1964లో ఏర్పడిన ఇండియన్ ఎక్స్ సర్వీసెస్ లీగ్ తర్వాత స్వచ్ఛంద సంఘాలు పెరిగాయి గానీ, అవి జాతీయస్థాయిలో ఉమ్మడిగా నిలిచినట్టు దేశానికి కనబడింది 2015లో. ఎప్పుడు పదవీ విరమణ చేసినా ఒకే హోదాకు, ఒకే సేవాకాలానికి ఒకే పింఛను ఉండాలనే ‘ఒకే హోదా ఒకే పింఛను’ కోరికతో వివిధ సంఘాలు ఐక్యవేదికగా ఏర్పడి ఆ జూన్‌లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర దీక్షకు కూర్చున్నాయి. బ్రిటన్‌లో ఐక్యత వల్ల మొద్దుబారిన డిమాండే ఇక్కడ ఐక్యతకు కారణమైంది. ప్రభుత్వం సెప్టెంబర్ 5న పథకాన్ని ప్రకటించాక, పింఛనును అయిదేళ్లకు ఒకసారి సవరిస్తామన్న షరతు దగ్గర మళ్లీ తగువు వచ్చింది. ఏటా సవరించాలన్న వాదనతో సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లగా, 2022 మార్చి 16న న్యాయస్థానం ప్రభుత్వ విధానాన్ని సమర్థిస్తూనే, 2019 జూలై 1 నుంచి జరగవలసిన సవరణను పూర్తిచేసి బకాయిలు చెల్లించాలని ఆదేశించింది.